లాంతరోళ్ల ఆఖరి రికార్డు

విశాఖపట్నం వన్‌టౌన్‌లో, కురుపాం మార్కెట్ వెనక సందులో, అత్తర్ల కొట్టు మీది మేడగదిలో అయూబ్ రేడియో రిపేరు షాపు ఉండేది. పద్నాలుగు మెట్లెక్కాలి. అయూబ్ కిందికి దిగడు, రేడియోలే పైకెక్కాలి అని బజారులో వేళాకోళం చేసేవారు. చేస్తే చేశారుగానీ, అతని చేతిలో పడ్డ సెట్టు మళ్లీ మూలగదని చెప్పేదీ వాళ్లే. ఆ పేరంటే అయూబ్‌కి ప్రాణం. పనిలో పేరు తెచ్చుకున్నవాళ్లకి ఒక జబ్బు ఉంటుంది. తప్పు తమవైపు ఉండొచ్చన్న ఆలోచన చచ్చినా రాదు. అయూబ్‌కి ఆ జబ్బు నిండుగా ఉండేది.

ఆదివారం పొద్దున్న పదింటికి ఆ గదిలో ముగ్గురు చేరేవారు. అయూబ్ ఒకడు. రెండోవాడు నీలకంఠం, పోర్టులో వైర్‌మన్. రేవులో కట్టిన ఓడ తన జనరేటర్లు ఆపుకున్నప్పుడు ఒడ్డు మీంచి కేబులు లాగి దానికి కరెంటివ్వడం అతని పని. మూడోవాడు రమణమూర్తి, కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు, సీతమ్మధారలో కాపురం. వీళ్లకి చుట్టరికం లేదు, ఒక వీధి వాళ్లు కారు, ఒక వయసు వాళ్లు కూడా కారు. వీళ్లని కలిపింది స్లేట్ లాంతర్న్స్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు. ఊరు మొత్తం వెతికినా ఆ పేరు విన్నవాళ్లు పదిమంది దొరకరు. ఈ ముగ్గురూ మాత్రం ఆ బ్యాండుని సొంత బావమరుదుల్లాగా లాంతరోళ్లు అని పిలుచుకునేవారు. పొడుగ్గా ఉండే గాయకుడికి పొడుగోడు అని పేరు పెట్టారు.

ఆ రికార్డులు ఊళ్లో అమ్మేవాళ్లు లేరు. ఓడలే దిక్కు. నీలకంఠం కేబులు తగిలించడానికి ఓడెక్కినప్పుడు ఏ కేబిన్లోంచైనా పాట వినిపిస్తే గుమ్మం దగ్గర నిలబడిపోయేవాడు. వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో, చేతుల్తో, నవ్వుతో అడిగి, ఒక్క పూటకి రికార్డు ఎరువు తెచ్చేవాడు. అది న్యూస్‌పేపర్లో చుట్టుకుని పద్నాలుగు మెట్లెక్కేది. అయూబ్ తన పాత రికార్డు ఛేంజర్ మీద దాన్ని తిప్పి క్యాసెట్టులోకి ఎక్కించేవాడు. ఓడ కదిలేలోపు రికార్డు ఓడకి చేరిపోవాలి, అది నీలకంఠం మాట. ఒకసారి ఓడ గంట ముందే కదిలిపోతే పైలట్ బోటు వాళ్ల కాళ్లావేళ్లా పడి, బోటులో నిలబడి, రికార్డుని తాడుకి కట్టి పైకి పంపించాడు. తొమ్మిదేళ్లలో లాంతరోళ్ల రికార్డులు ఏడు అలా వచ్చాయి, ఏడూ అలాగే వెళ్లిపోయాయి. వీళ్లకి మిగిలినవి క్యాసెట్లు.

కొత్త రికార్డు వినడానికి ఒక పద్ధతి ఉండేది. రెండు పక్కలూ అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. అయ్యాక ఒక పొడుగు నోటుబుక్కులో ముగ్గురూ నూటికి ఇన్నని మార్కులు వేయాలి. ఆ తర్వాతే టీ, ఆ తర్వాతే తగువు. అప్పటిదాకా అన్నిటికంటే ఎక్కువ వచ్చింది మూడో రికార్డుకి, నీలకంఠమే వేశాడు, తొంభై ఒకటి. నూటికి నూరు దేవుడికి కూడా ఇవ్వకూడదని రమణమూర్తి సిద్ధాంతం.

ఎనభై ఒకటి జనవరిలో రమణమూర్తి కాలేజీ లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పత్రిక చదివి, ఆ కబురు మోసుకొచ్చాడు. లాంతరోళ్లు విడిపోయారు. 'లో వాటర్ స్ట్రీట్' అని ఒక రికార్డు చేశారు, ఇంక అదే ఆఖరు. ఆ ఆదివారం ముగ్గురూ టీ కూడా తాగకుండా కూర్చున్నారు. ఎక్కడో సముద్రాల అవతల మనుషులు విడిపోతే వీళ్లకి ఏడుపెందుకని నవ్వేవాళ్లు నవ్వచ్చు. నవ్వేవాళ్లకి అలాంటి ఆదివారాలు లేవు, అంతే.

నెల తిరక్కుండానే ఆ రికార్డు వచ్చింది, అదీ తిరిగి ఇవ్వక్కర్లేకుండా. ఇనుప ఖనిజం ఎత్తుకెళ్లడానికి జపాన్ నించి వచ్చిన ఓడలో ఒక ఆఫీసరు రేడియో పాడైతే అయూబ్ బాగుచేశాడు. ఆయన సంతోషించి, ఒసాకాలో కొన్న తన రికార్డు ప్లేయరు, దానితోపాటు 'లో వాటర్ స్ట్రీట్' ఇచ్చేశాడు. పాత ఛేంజర్ మోటారు కాలిపోయి అప్పటికి మూడు నెలలు. అయూబ్ ఆనందం ఇంతా అంతా కాదు. ఆ మెషీను వంద వోల్టులది, మన కరెంటు రెండువందల ఇరవై. అయితేనేం, నాలుగు రోజులు కూర్చుని సొంతంగా ట్రాన్స్‌ఫార్మర్ చుట్టాడు. స్విచ్ వెయ్యగానే ఎర్రదీపం వెలిగి, పళ్లెం మెత్తగా తిరిగింది. భార్య చాంద్ సుల్తానాని మేడ మీదికి పిలిచి మరీ చూపించాడు.

"నానే సుట్టేను. బొంబాయిలో కూడా ఇలాటిది సుట్టలేరు," అన్నాడు ఆ ఆదివారం మిత్రులతో.

నీలకంఠం అప్పటికే సగం మనిషయ్యాడు. ఆర్నెల్ల నించి దగ్గు. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందని పెద్దాసుపత్రిలో ఫోటో తీసి చెప్పారు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ దాన్ని పైకి అనకుండా జాగ్రత్తపడేవారు. మెట్లెక్కి వచ్చి, కిటికీ దగ్గర కుర్చీలో పావుగంట ఆయాసం తీర్చుకున్నాక గానీ పాట పెట్టనిచ్చేవాడు కాదు.

సూది రికార్డు మీద ఆనింది. మొదటి పాట మొదలైంది. నీలకంఠం చటుక్కున తలెత్తి మెషీను వైపు చూశాడు. తర్వాత అయూబ్ మొహంలోకి చూశాడు. ఆ మొహం వెలిగిపోతోంది. నీలకంఠం మళ్లీ తల వాల్చి కళ్లు మూసుకున్నాడు.

పాటలు బరువుగా నడిచాయి. పొడుగోడి గొంతు కిందికి దిగిపోయింది, ఒక్కో మాటా లోతు నూతిలోంచి చేదినట్టు వస్తోంది. గిటారు ఈడ్చుకుంటూ నడిచింది. రెండో పక్క ఆఖరి పాటైతే ఎంతకీ అవదు. అది ఆగాక ముగ్గురూ మార్కులు వేశారు.

"ముప్పై అయిదు. అదీ పాత పరిచయం కొద్దీ," అన్నాడు రమణమూర్తి కళ్లజోడు తుడుచుకుంటూ. "గొంతు పోయింది, ఊపు పోయింది. గౌరవంగా రెండేళ్ల క్రితమే మానేసి ఉండాల్సింది."

"నాను ముప్పైయే ఏసేను మేష్టారూ," అన్నాడు అయూబ్. "పొడుగోడు తాగీసి పాడినట్టున్నాడు. డ్రమ్ములోడికి నిద్రొచ్చీసింది."

నోటుబుక్కు నీలకంఠం చేతిలోంచి తీసుకుని చూసి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వంద.

"ఏమయ్యా, నూటికి నూరా? కారణం చెప్పు," అన్నాడు రమణమూర్తి, విద్యార్థిని నిలదీసినట్టు.

"నచ్చింది మేష్టారూ. తొందర లేకుండా పాడతన్నాడు. అదే కారణం."

అయూబ్‌కి ఒళ్లు మండింది. పాటంటే ఏమిటో తనకి నేర్పిందే నీలకంఠం. ఈ వాయిద్యం విను, ఆ గొంతు ఎక్కడ విరిగిందో విను అని చెయ్యి పట్టుకుని చూపించినవాడు. అలాంటివాడు ఈ ఈడ్పు పాటకి వంద వేస్తే, ఆ తొమ్మిదేళ్ల మార్కులన్నీ ఉత్తవేనా? ఆ ఉక్రోషంలో నోరు జారింది.

"జబ్బు మనిషికి జబ్బు పాటే నచ్చుతాది బావా. ఆళ్ల పనైపోయింది, ఒప్పుకో."

రమణమూర్తి కిటికీలోంచి బయటికి చూశాడు. నీలకంఠం మాత్రం నవ్వాడు.

"అంతే కాబోలు బావా," అన్నాడు. "నాకో కాపీ ఇయ్యి."

క్యాసెట్టు జేబులో పెట్టుకుని దిగి వెళ్లిపోయాడు. రెండు మెట్లకోసారి ఆగుతున్న ఆ చెప్పుల చప్పుడు అయూబ్ పైనించి వింటూనే ఉన్నాడు. పరిగెత్తుకెళ్లి, తప్పయిపోయింది బావా అంటే సరిపోయేది. వెళ్లలేదు.

తర్వాతి ఆదివారం నీలకంఠం రాలేదు. ఆ పైవారమూ రాలేదు. అలిగాడని అయూబ్ అనుకున్నాడు. అలిగినవాడి దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లక, రేపు వెళదాం, ఎల్లుండి వెళదాం అని వాయిదా వేశాడు. రోజూ పోర్టు క్వార్టర్స్ మీదుగా సైకిల్ తొక్కుతూనే ఉన్నాడు, ఆ మలుపు దగ్గర ఎదురుగా చూస్తూ తొక్కేవాడు.

"ఆయన రాపోతే నువ్వెల్లకూడదేటి? నీ కాళ్లకేటైంది?" అని చాంద్ సుల్తానా రోజూ సాధించేది. అలా రెండు నెలలు గడిచిపోయాయి.

ఏప్రిల్లో మరో ఓడ మీద రిపేరు పనికి వెళ్లాడు అయూబ్. ఓడ ఎలక్ట్రీషియన్ కొచ్చి మనిషి, హిందీలో బాగా కలుపుగోలుగా మాట్లాడేవాడు. భోజనాల గదిలో ఎవరో రికార్డు పెట్టారు. హుషారుగా, గంతులేస్తూ పోతున్న పాట. ఎక్కడో విన్నట్టుంది. పొడుగోడి గొంతు! అట్ట తీసి చూస్తే 'లో వాటర్ స్ట్రీట్'.

"మీ మెషీను పాడైపోయింది భాయ్, వేగంగా తిరుగుతోంది. ఇలా ఇవ్వండి, బాగుచేస్తాను," అన్నాడు అయూబ్, జాలిపడుతూ.

ఎలక్ట్రీషియన్ మెషీన్ని పరీక్షగా చూసి, సరిగ్గానే తిరుగుతోందన్నాడు. మాట మీద మాట పెరిగి అయూబ్ తన ఒసాకా మెషీను సంగతీ, ట్రాన్స్‌ఫార్మర్ సంగతీ చెప్పాడు. ఆ మనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"వోల్టులు మార్చావు సరే, సైకిళ్లు ఎవరు మార్చారు? ఒసాకా కరెంటు, మా ఓడ కరెంటు సెకనుకి అరవై సైకిళ్లు, మోటారు వేగం వాటి మీదే ఉంటుంది. మీ ఊరిది యాభై. ఆ మోటారు మీ ఊళ్లో నీరసంగానే తిరుగుతుంది. ఒడ్డు కరెంటిస్తే మా ఫ్యాన్లు కూడా అంతే. నమ్మకపోతే మీ పోర్టు వైర్‌మన్‌ని ఎవరినైనా అడుగు, నిద్రలో లేపినా చెప్తాడు."

అయూబ్ నవ్వలేదు. చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. పోర్టు వైర్‌మన్. నీలకంఠం చటుక్కున తలెత్తి మెషీను వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. ఆ తర్వాత తన మొహంలోకి చూసిన చూపు కూడా గుర్తొచ్చింది. పని సగంలో వదిలేసి ఓడ మెట్లు దిగాడు.

ఆ రోజే కంచరపాలెంలో లేత్ మెషీను దగ్గర కూర్చుని, పళ్లెం వేగం పెరిగేలా, మోటారుకి వేసే ఇత్తడి కప్పీ అయిదో వంతు లావుది చేయించాడు. బిగించి పెడితే పాట ఓడలో విన్నట్టే గంతులేసింది. కొత్త క్యాసెట్టు చేసుకుని మర్నాడు పొద్దున్నే పోర్టు క్వార్టర్స్‌కి బయల్దేరాడు. మనిషి ఉన్నాడో లేడో కూడా తనకి తెలీదు. రెండు నెలల్లో ఆ మాటైనా కనుక్కోలేదు. అల్లా, ఒక్క పూట ఇవ్వు, క్షమించమని అడగడానికి ఒక్క పూట ఇవ్వు అనుకుంటూ తొక్కాడు.

తలుపు తీసింది నీలకంఠం భార్య గురువమ్మ. "ఇన్నాళ్లకి దారి తెలిసిందేటి అన్నయ్యా?" అంది. ఆ గొంతులో కోపం లేదు, అదే ఎక్కువ బాధపెట్టింది.

నీలకంఠం మంచం మీద దిళ్లకి ఆనుకుని ఉన్నాడు. చొక్కాలో మనిషి ఉన్నట్టు లేదు. పక్కన స్టూలు మీద క్యాసెట్టు ప్లేయరు.

"బావా," అన్నాడు అయూబ్ నిలబడే. "మెషీను తప్పని నీకు తెలుసు కదా?"

"మొదటి పాటకే తెలిసిపోనాది. ఇరవయ్యేళ్ల నుంచి ఓడలకి కరెంటిస్తన్నాను, ఆ మాత్రం తెలీదేటి?"

"మరెందుకు సెప్పలేదు?"

"మేష్టారి ముందా? నానే సుట్టేనని నువ్వలా పొంగిపోతంటే?" ఊపిరి అందక ఆగాడు. "ఒక్కడివి ఉన్నప్పుడు సెప్దామనుకున్నాను. ఈలోగా నువ్వా మాటనేసావ్."

అయూబ్ మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. "తప్పయిపోనాది బావా. ఆ నోరు పడిపోయినా బాగుండేది. కోపమొచ్చి రావట్లేదనుకుని, సిగ్గేసి, నానూ రాలేదు."

"కోపమేటి?" అన్నాడు నీలకంఠం, నిజంగానే ఆశ్చర్యపోతూ. "పద్నాలుగు మెట్లు, బావా."

అయూబ్ ఏడ్చాడు. పెళ్లాం ముందు కూడా ఏడవని మనిషి, పిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. గురువమ్మ మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి వెళ్లింది.

కాసేపటికి తేరుకుని, జేబులోంచి కొత్త క్యాసెట్టు తీసి పెట్టాడు. నీలకంఠం మొదటి పాట మొత్తం విన్నాడు. వేళ్లతో దుప్పటి మీద తాళం వెయ్యబోయి, అందుకోలేక మానేశాడు.

"ఎంత బాగా వాయించేరో," అన్నాడు. "ఇంకా కుర్రోళ్ల లాగే ఉన్నారు. మేష్టారికి ఇయ్యి, మార్కులు మార్సుకుంటాడు. ఇంక ఇది ఆపీసి నీది పెట్టు."

"నాది తప్పుది బావా."

"తెలుసు. పెట్టు."

పాత క్యాసెట్టు తిరిగింది. బరువు గొంతు, ఈడ్చుకునే గిటారు. నీలకంఠం మొహంలో ఏదో సర్దుకుంది.

"గురువమ్మ మాటాడితే నాకు అందదు బావా, అంత గబగబా వినిపిస్తాది. డాక్టరు, పిల్లలు, రోడ్డు మీద బస్సు, అన్నీ నన్ను దాటి పోతన్నాయి. ఈ ఊపిరితో నాను ఎంత నెమ్మదిగా నడవగలనో, ఆళ్లు అంత నెమ్మదిగా నడిసేరు. నా కోసం ఆగినోళ్లు ఆళ్లొక్కళ్లే." కళ్లు మూసుకుని నవ్వాడు. "లాంతరోళ్లు నలభై నిమిషాలే ఇచ్చేరు. నువ్వు నలభై ఎనిమిది ఇచ్చేవ్. ఎనిమిది నిమిషాలు, బావా. ఇప్పుడు నాకవి ఊరికే రావు."

ఆ రోజు నించి అయూబ్ షాపు మధ్యాన్నం దాకా తెరవలేదు. పొద్దున్నంతా ఆ మంచం పక్కనే ఉండేవాడు. అలా ఎనిమిది రోజులు దొరికాయి. రెండు నెలలు దొరకాల్సినవాడికి ఎనిమిది రోజులు. తొమ్మిదోనాడు పొద్దున్న కూడా చూసి వచ్చాడు, మధ్యాన్నం షాపులో ఉండగా కబురొచ్చింది. పాడెకి భుజం పట్టాడు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

నెల దాటాక ఒక ఆదివారం రమణమూర్తి వచ్చాడు. సరైన క్యాసెట్టు విని, తన ముప్పై అయిదు కొట్టేసి ఎనభై అయిదు వేసుకోవాలని. తప్పంతా మెషీనుదని తెలిశాక ఆయనకి ప్రాణం తేలికపడినట్టుంది.

"చూశావా అయూబూ, నీలకంఠం ఒక్కడే గుర్తుపట్టాడు. అంత చెత్త కాపీలోంచి కూడా అసలు సరుకు వినగలిగాడు. చెవి అంటే అదయ్యా."

అయూబ్ నోటుబుక్కు తెరిచాడు గానీ పెన్ను ఇవ్వలేదు. ఆ వంద దేనికి వేశాడో మేష్టారికి ఎలా చెప్పాలో తెలియలేదు.

అప్పుడే మెట్ల మీద చప్పుడైంది. గురువమ్మ. చేతిసంచిలోంచి క్యాసెట్టు ప్లేయరు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ రోజు నుంచి దీన్ని ముట్టలేదు అన్నయ్యా. ఆయన పోగానే నానే మీట నొక్కి ఆపీసేను. అక్కడే ఉంది. ఒక్కద్దాన్నీ వినలేపోతన్నాను."

"ఎప్పుడు పెట్టేవమ్మా?"

"రెండింటికి పోర్టు కూత కూసింది, అప్పుడు రెండో పక్క పెట్టమన్నాడు. నక్షత్రం సూడాలని పంతులుగారు టైము అడిగేరు కదా, అందుకే గేపకం. రెండూ ఇరవై రెండుకి పోనాడు. పాట ఇంకా అవలేదు. ఆ పొడుగోడు పాడతానే ఉన్నాడు."

అయూబ్ గోడ గడియారం వైపు చూశాడు. లెక్క దానంతట అదే పడింది. తన తప్పు క్యాసెట్టులో ఆ పక్క ఇరవై నాలుగు నిమిషాలు, సరైనదయితే ఇరవయ్యే, రెండూ ఇరవైకే ఆగిపోయేది. ఆ రెండు నిమిషాలూ నీలకంఠం ఏ చప్పుడూ లేని గదిలో ఉండేవాడు. తన జీవితంలో చేసిన ఒకే ఒక్క తప్పు రిపేరు ఆ మనిషిని ఆఖరుదాకా ఒంటరిగా వదలలేదు. దానికి సంతోషించాలో కుమిలిపోవాలో అతనికి తెలియలేదు. ఆ గడియలో తను అక్కడ లేడు, పాట ఉంది.

"ఇంకా ఎంతుంది అన్నయ్యా?"

"రెండు నిమిషాలమ్మా."

మీట నొక్కాడు. ఆగిపోయిన మాట మధ్యలోంచే పొడుగోడు మళ్లీ అందుకున్నాడు, బరువుగా, తొందర లేకుండా. రమణమూర్తి ఇది పాత కాపీ కదా అనబోయి, గురువమ్మ మొహం చూసి కూర్చుండిపోయాడు. ముగ్గురూ పద్ధతి ప్రకారం నోరు విప్పకుండా విన్నారు. గిటారు ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ వెళ్లి ఆగింది. తర్వాత ఉత్త టేపు తిరుగుతున్న చప్పుడు. కిటికీ దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది.

"అయిపోయిందా?" అంది గురువమ్మ.

అయూబ్ తలూపాడు. నోటుబుక్కులో తన ముప్పైని కొట్టేసి, పక్కన వంద వేసి, పెన్ను రమణమూర్తికి ఇచ్చాడు.